నిజం చెప్పినా కేసు పడుతుందా? పరువు నష్టం చట్టం దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది

క్లుప్తంగా: ఒక మాట ఎంత ఘాటుగా ఉందన్నది పరువు నష్టం చట్టానికి అంత ముఖ్యం కాదు. ఆ మాట విన్న మూడో మనిషి దృష్టిలో ఫలానా వ్యక్తి దిగజారాడా అన్నది మొదటి ప్రశ్న. అన్నవారికి చట్టం ఒప్పుకునే సమర్థన ఉందా అన్నది రెండోది. భారతదేశంలో ఇదే మాటపై సివిల్ దావా వేయవచ్చు, క్రిమినల్ ఫిర్యాదూ చేయవచ్చు. సివిల్ కోర్టులో నిజం నిరూపిస్తే చాలు. క్రిమినల్ కోర్టులో నిజంతో పాటు ప్రజాహితాన్నీ చూపాలి.

2024 అక్టోబరులో తెలంగాణ మంత్రి కొండా సురేఖ చేసిన వ్యాఖ్యలపై నటుడు నాగార్జున హైదరాబాద్ నాంపల్లి కోర్టులో క్రిమినల్ పరువు నష్టం ఫిర్యాదు దాఖలు చేశారు. కోర్టు దాన్ని విచారణకు స్వీకరించింది. ఏడాది దాటాక, 2025 నవంబరులో మంత్రి బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు, ఆయన కేసు వెనక్కి తీసుకున్నారు. తీర్పు రాకుండానే కథ ముగిసింది. పరువు నష్టం కేసులు ఇలా ముగియడం మామూలే.

ఇలాంటి కేసు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా రెండు వాదనలు వినిపిస్తాయి. 'నా మనసు గాయపడింది, కాబట్టి ఇది పరువు నష్టమే' అంటుంది ఒక పక్షం. 'ఉన్నమాటే అన్నాను, కేసెలా పెడతారు' అంటుంది రెండో పక్షం. చట్టం ముందు ఈ రెండూ సగం దూరమే నడుస్తాయి.

తిట్టు వేరు, ఆరోపణ వేరు

1860 నాటి భారత శిక్షాస్మృతిలో పరువు నష్టం సెక్షన్లు 499, 500. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది సెక్షన్ 356. సంఖ్య మారింది కానీ నిర్వచనం దాదాపు అక్షరం పొల్లుపోకుండా పాతదే. మాటల ద్వారా గానీ, రాతల ద్వారా గానీ, సైగలు, బొమ్మల ద్వారా గానీ ఒక వ్యక్తి ప్రతిష్ఠకు హాని చేయాలన్న ఉద్దేశంతో, లేదా హాని జరుగుతుందని తెలిసి, లేదా జరుగుతుందని నమ్మడానికి కారణం ఉండి చేసిన ఆరోపణ పరువు నష్టం. ఇంగ్లండు చట్టం రాతలో జరిగిన దాన్ని ఒకలా, నోటిమాటగా జరిగిన దాన్ని మరోలా చూస్తుంది. మన క్రిమినల్ చట్టంలో ఆ విభజన లేదు. పత్రికలో అచ్చయినా, మైకు ముందు అన్నా, కార్టూన్‌గా గీసినా సెక్షన్ ఒకటే.

అసలు కీలకం నిర్వచనం కింద ఉన్న నాలుగో వివరణలో ఉంది. ఇతరుల దృష్టిలో ఆ వ్యక్తి నైతిక స్వభావాన్నో, తెలివితేటలనో తగ్గించాలి. లేదా అతని కులం, వృత్తి విషయంలో చిన్నబుచ్చాలి. లేదా అప్పు పుట్టే పరపతిని దెబ్బతీయాలి. లేదా అతని శరీరం అసహ్యకరమైన స్థితిలో ఉందని నమ్మించాలి. వీటిలో ఏదీ జరగకపోతే ప్రతిష్ఠకు హాని జరిగినట్టు కాదు. 'ఇతరుల దృష్టిలో' అన్న షరతే మొత్తం చట్టానికి ఇరుసు. తన గురించి తాను ఏమనుకుంటున్నాడన్నది ఆత్మాభిమానం. నలుగురు ఏమనుకుంటున్నారన్నది పరువు. చట్టం కాపాడేది రెండోదాన్నే.

అందుకే కోపంలో వచ్చే బూతు చాలాసార్లు ఈ సెక్షన్‌కు అందదు. 'గాడిద కొడకా' అని ఎవరినైనా తిడితే విన్నవాళ్లు అతని వంశవృక్షం గురించి కొత్త విషయమేదీ తెలుసుకోరు. తిట్టినవాడి నోటి దురుసు గురించే తెలుసుకుంటారు. శాంతిభంగానికి దారితీసేలా అవమానించడానికి వేరే సెక్షన్ ఉంది. కానీ ఎంతో మర్యాదగా, గారు చేర్చి, 'సొసైటీ సొమ్ములో ఆ కార్యదర్శిగారు కొంత సొంతానికి వాడుకున్నారు' అంటే అందులో ఒక్క పరుష పదం లేకపోయినా అది ఆరోపణ. ఒక నిర్దిష్టమైన తప్పుడు పనిని ఒక నిర్దిష్టమైన మనిషికి అంటగట్టింది.

వెటకారానికీ మినహాయింపు లేదు. చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది: ఒకరి గడియారం పోయింది. దొంగ ఫలానా వ్యక్తేనని నమ్మించే ఉద్దేశంతో ఇంకొకరు, 'ఆయన చాలా నిజాయతీపరుడండీ, ఆ గడియారం ఆయన ఎప్పుడూ దొంగిలించలేదు' అంటారు. పైకి మెచ్చుకోలే అయినా లోపలున్నది దొంగతనం ఆరోపణ. గడియారం ఎవరు తీశారని అడిగితే నోరు విప్పకుండా ఆ మనిషి వైపు వేలు చూపినా అంతే. ప్రశ్నార్థకం తగిలించడం, చివర 'అట' చేర్చడం కూడా వాటంతట అవి రక్ష కావు. వీడియో మీద పెద్ద అక్షరాలతో 'ఆ భూములు మింగింది ఈయనేనా?' అని పెట్టి, లోపల ఆధారమేమీ చూపకపోతే కోర్టు ఆ ప్రశ్నార్థకాన్ని చూడదు. మామూలు చూపరి దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడో చూస్తుంది.

మూడో మనిషికి చేరాలి

ఆరోపణ ఎంత ఘోరమైనదైనా, అది ఎవరి మీద చేశారో ఆ వ్యక్తికే కవరులో పెట్టి పంపితే పరువు నష్టం కాదు. ఇతరులు ఒక్కరైనా చదవాలి, వినాలి. చట్టం పరిభాషలో ఇదే ప్రచురణ. దానికి అచ్చుయంత్రం అవసరం లేదు. ఆఫీసులో ఇంకో ఉద్యోగికి పంపిన ఈమెయిల్, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టిన వాయిస్ మెసేజ్ కూడా ప్రచురణే.

ఎంత సన్నిహితుల మధ్య మాటైనా ఈ లెక్కలోకి వస్తుందనడానికి సుప్రీంకోర్టు 1968లో తేల్చిన ఒక కేరళ కేసు ఉంది. భర్త బొంబాయి నుంచి భార్యకు రాసిన ఉత్తరాల్లో మామగారిపై ఆరోపణలు చేశాడు. ఆమె ఆ ఉత్తరాలను తండ్రికిచ్చింది, ఆయన ఫిర్యాదు చేశాడు. భార్యాభర్తలు ఒకరికొకరు చెప్పుకున్నది పరువు నష్టం కిందికి రాదన్న వాదనతో కేసును మొదట్లోనే కొట్టేయడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వైవాహిక సంభాషణను భార్య కోర్టులో సాక్ష్యంగా చెప్పకుండా అడ్డుకునే నియమం వేరు, ఉత్తరాలను మరో మార్గంలో రుజువు చేయడం వేరు అని విచారణ కొనసాగనిచ్చింది.

ఇప్పుడు ఎక్కువమందిని చిక్కుల్లో పెట్టేది సొంత మాట కంటే పక్కవాడి మాటను ముందుకు తోయడం. ఫార్వర్డ్ చేసిన ప్రతివారూ కొత్తగా ప్రచురించినట్టే అన్నది పాత సూత్రం. పత్రికలకు దశాబ్దాలుగా వర్తించిన ఆ సూత్రం ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరికీ వర్తించడం మొదలైంది. ఒక వీడియోను రీట్వీట్ చేసిన వ్యవహారంలో అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్‌కు జారీ అయిన సమన్లను రద్దు చేయడానికి ఢిల్లీ హైకోర్టు 2024 ఫిబ్రవరిలో నిరాకరించింది. అనుచరగణం భారీగా ఉన్నవారు రీట్వీట్ చేస్తే దాని పర్యవసానం కూడా అంతే ఉంటుందని చెప్పింది. అదే నెలలో ఆయన తరఫు న్యాయవాది సుప్రీంకోర్టు ముందు ఆ రీట్వీట్ పొరపాటేనని ఒప్పుకున్నారు.

ఇతరుల రాతలకు వేదిక ఇచ్చే సంస్థల బాధ్యతపై ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి మన దగ్గర పుట్టిన కేసులోనే వచ్చింది. ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు తయారుచేసే విశాక ఇండస్ట్రీస్, 2008లో గూగుల్ గ్రూప్స్‌లో వచ్చిన వ్యాసాలపై సికింద్రాబాద్ మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు చేసింది. రాసినవారితో పాటు గూగుల్ ఇండియాను కూడా నిందితుల్లో చేర్చింది. కేసు కొట్టేయమన్న గూగుల్ అభ్యర్థనను 2011లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు తిరస్కరించాయి. ఐటీ చట్టంలోని 79వ సెక్షన్ 2009 సవరణకు ముందున్న రూపంలో పరువు నష్టం ఆరోపణ నుంచి మధ్యవర్తి సంస్థలకు రక్షణ ఇవ్వలేదన్నది ఆ తీర్పు సారం. సవరణ తర్వాత పరిస్థితి మారింది. కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ నోటిఫికేషనో అందాక కూడా తొలగించకపోతేనే సంస్థ బాధ్యురాలవుతుందని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాసిన మనిషికి మాత్రం ఆ వెసులుబాటు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

పేరు చెప్పకపోతే బయటపడ్డట్టేనా?

సినిమా కబుర్లలో 'ఓ అగ్ర కథానాయకుడు', రాజకీయ కబుర్లలో 'గోదావరి జిల్లాకు చెందిన ఓ సీనియర్ నేత' అని రాయడం తెలుగు పత్రికలకు పాత అలవాటే. పేరు లేదు కాబట్టి భద్రమనుకుంటారు. కానీ మిగతా ఆనవాళ్లు చదివి, ఆ మనిషి తెలిసిన నలుగురు 'ఇది ఫలానా ఆయనే' అని పోల్చుకోగలిగితే చాలు, పేరు రాసినట్టే లెక్క. జిల్లాలో ఆ వర్ణనకు సరిపోయే నేత ఒక్కరే ఉంటే దాపరికమనేదే లేదు. యాభై మంది ఉంటే ఎవరికీ తగలదు.

ఉద్దేశం లేకపోయినా సివిల్ బాధ్యత తప్పదనడానికి న్యాయవిద్యార్థులు చదివే కేసు 1910 నాటి ఇంగ్లండుది. ఒక పత్రిక సరదా కథనంలో ఆర్టెమస్ జోన్స్ అనే పేరును కల్పిత పాత్రకు పెట్టింది. అదే పేరున్న నిజమైన లాయరు ఒకరు ఉన్నారు. తెలిసినవాళ్లు అది ఆయన గురించేనని అనుకున్నారు. 'ఆయన ఉన్నట్టే మాకు తెలియదు' అన్న పత్రిక వాదన నిలవలేదు. 'పాత్రలన్నీ కల్పితం' అన్న ప్రకటన ఒక్కటే దావాను ఆపలేదని ఇలాంటి తీర్పులు చూస్తే అర్థమవుతుంది.

సమూహాల విషయంలో గీత ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. కంపెనీకి, సంఘానికి, వ్యక్తుల సముదాయానికి కూడా పరువు ఉంటుందని చట్టం అంటుంది. అయితే ఆ సముదాయం హద్దులు తెలిసినదై ఉండాలి. అలీగఢ్‌లోని ప్రభుత్వ ప్రాసిక్యూటర్లపై ఆరోపణ చేసిన సంపాదకుడికి పడిన శిక్షను సుప్రీంకోర్టు 1965లో సమర్థించింది. వాళ్లెవరో వేళ్లమీద లెక్కపెట్టి చెప్పవచ్చు. 1971 సేలం ద్రావిడ కళగం సభ తీర్మానాన్ని ఒక ఆంగ్ల పత్రిక తప్పుగా ప్రచురించిందన్న ఫిర్యాదులో మాత్రం, ఆ సభకు హాజరైన జనమంతా గుర్తించదగిన సముదాయం కాదంటూ 1972లో కేసును కొట్టేసింది. 'లాయర్లంతా ఇంతే', 'రాజకీయ నాయకులంతా దొంగలే' అన్న మాటలకు ఎవరూ కేసు పెట్టలేకపోవడానికి కారణం ఇదే.

రాహుల్ గాంధీ కేసులో పెద్ద చర్చ జరిగింది కూడా ఈ గీత దగ్గరే. 2019 ఏప్రిల్ 13న కర్ణాటకలోని కోలార్ సభలో ఆయన ఒక ఇంటిపేరును ప్రస్తావించిన వ్యాఖ్యపై, అదే ఇంటిపేరున్న గుజరాత్ బీజేపీ ఎమ్మెల్యే సూరత్‌లో ఫిర్యాదు చేశారు. దేశమంతా విస్తరించి, వేర్వేరు కులాల్లో ఉన్న ఒక ఇంటిపేరు వారంతా 'గుర్తించదగిన సముదాయం' అవుతారా అన్నది డిఫెన్స్ వాదన. సూరత్ కోర్టు ఫిర్యాదీవైపే మొగ్గి 2023 మార్చి 23న రెండేళ్ల జైలు విధించింది. ఆ శిక్ష ఏమైందన్నది కింద చూద్దాం.

చనిపోయినవారి విషయంలో రెండు చట్టాలు రెండు దారులు తొక్కుతాయి. కుటుంబ సభ్యుల మనసు నొప్పించే ఉద్దేశంతో మృతుడిపై ఆరోపణ చేస్తే క్రిమినల్ ఫిర్యాదు చేయవచ్చు. పరిహారం కోసం సివిల్ దావా మాత్రం సాధారణంగా మనిషితోనే పోతుంది.

సివిల్, క్రిమినల్: ఒకే మాట, రెండు కొలతలు

ఒకే వ్యాఖ్య మీద ఒకే సమయంలో రెండు కోర్టులకూ వెళ్లవచ్చు. ఆ రెండు చోట్లా అడిగే ప్రశ్నలు ఒకటి కావు. సివిల్ కోర్టులో ఉద్దేశంతో పనిలేదు, జరిగిన హానికి డబ్బు రూపంలో పరిహారం అడుగుతారు. క్రిమినల్ కోర్టులో ఉద్దేశమో, హాని జరుగుతుందన్న ఎరుకో రుజువు కావాలి. నేరం రుజువైతే రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. సివిల్ దావాకు గడువు ప్రచురణ నుంచి ఒక్క ఏడాదే. క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు.

పొరపాటు సివిల్ కోర్టులో ఎంత ఖరీదవుతుందో టైమ్స్ నౌ చానల్ కేసు చూపించింది. 2008లో ఘజియాబాద్ ప్రావిడెంట్ ఫండ్ కుంభకోణం వార్తలో, పేరు కాస్త దగ్గరగా ఉన్న మరో న్యాయమూర్తి ఫొటోకు బదులు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి.బి. సావంత్ ఫొటో దాదాపు 15 సెకన్లు తెరపై కనిపించింది. తప్పు తెలిసి చానల్ ఫొటో తీసేసింది, తర్వాత క్షమాపణ స్క్రోల్ వేసింది. 2011లో పుణే కోర్టు 100 కోట్ల రూపాయల పరిహారం చెల్లించమంది. అప్పీలు వినాలంటే 20 కోట్లు డిపాజిట్ చేయాలని, 80 కోట్లకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలని బొంబాయి హైకోర్టు చెబితే, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆరోపణ మాటలో లేదు, ఎంచుకున్న బొమ్మలో ఉంది. ఉద్దేశం లేదన్నది ఎవరూ కాదనలేదు, అయినా దావా నిలిచింది. పరిహారం మొత్తం అతిగా ఉందన్న విమర్శకు బలం ఉంది. పొరపాటుకూ కక్షకూ ఒకే ధర కడితే సరిదిద్దుకోవాలన్న ఆసక్తే పోతుంది.

మరి ఇంత పెద్ద మొత్తాలు వచ్చే అవకాశం ఉన్నప్పుడు క్రిమినల్ కోర్టుకు ఎందుకు వెళ్తున్నారు? ఒక కారణం ఖర్చు. సివిల్ దావాలో అడిగిన పరిహారాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. '100 కోట్ల దావా' అని విలేకరుల సమావేశంలో చెప్పడం తేలిక, ఆ లెక్కన ఫీజు కట్టడం కష్టం. అందుకే అలాంటి ప్రకటనలు చాలావరకు లీగల్ నోటీసు దగ్గరే ఆగిపోతాయి. క్రిమినల్ ఫిర్యాదుకు ఆ భారం ఉండదు. రెండో కారణం, ఎదుటివాడిని నిందితుడి హోదాలో కోర్టు గుమ్మం ఎక్కించగలగడం.

నిజం ఒక్కటే ఎప్పుడు చాలదు

క్రిమినల్ చట్టంలో పది మినహాయింపులున్నాయి. మొదటిది నిజం గురించి. కానీ అందులో ఒక కొక్కెం ఉంది: ఆరోపణ నిజమై ఉండాలి, దాన్ని బయటపెట్టడం ప్రజాహితం కోసమై ఉండాలి. రెండూ కలిస్తేనే రక్షణ. పదేళ్ల కిందట దివాలా తీసి మళ్లీ నిలదొక్కుకున్న చిరు వ్యాపారి పాత కథను, పెళ్లి సంబంధం చెడగొట్టడానికి ఊరంతా పంచిపెడితే, ప్రతి అక్షరం నిజమైనా ఈ మినహాయింపు అందకపోవచ్చు. అదే వ్యక్తి ఊరి చిట్‌ఫండ్ నడపడానికి ముందుకొస్తే, అదే నిజానికి ప్రజాహితం తోడవుతుంది. సివిల్ దావాలో ఈ రెండో షరతు లేదు.

మిగతా మినహాయింపుల్లో ఎక్కువ వాటికి ప్రాణం 'సద్భావం'. దీన్ని మంచి మనసు అనుకుంటే పొరపాటు. తగినంత జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది సద్భావంతో చేసినట్టు కాదని చట్టమే నిర్వచించింది. అంటే 'నాకు ఆయన మీద కోపమేమీ లేదు' అనడం చాలదు. ఎవరిని అడిగారు, ఏ కాగితం చూశారు, ఎదుటి పక్షం వివరణ కోరారా అన్నవి చూపించాలి. పాత్రికేయులు ఫోన్ చేసిన సమయం, పంపిన ప్రశ్నలు, రాని జవాబు రాసిపెట్టుకోవడం వెనకున్న కారణం ఇదే.

ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణపై, ప్రజాసమస్యలో ఒకరి ప్రవర్తనపై సద్భావంతో చెప్పే అభిప్రాయానికి రక్షణ ఉంది. కోర్టు కార్యకలాపాలను ఉన్నదున్నట్టు రిపోర్టు చేయడానికీ ఉంది. 'విశ్వసనీయ వర్గాల సమాచారం' కోర్టు రిపోర్టులకున్న ఈ మినహాయింపు కిందికి రాదు. అధికారం ఉన్నవారికి ఫిర్యాదు చేయడం ఎనిమిదో మినహాయింపు. కలెక్టరుకు అర్జీగా ఇస్తే రక్షణ పొందే అవే వాక్యాలు, ఫేస్‌బుక్ పోస్టుగా పెడితే ఆ రక్షణను పోగొట్టుకుంటాయి. తొమ్మిదోది తన ప్రయోజనాలనో, ఇతరుల ప్రయోజనాలనో కాపాడుకోవడానికి చెప్పే మాట. 'రొక్కం ఇస్తే తప్ప ఆయనకు సరుకివ్వకు, ఆయన నిజాయతీ మీద నాకు నమ్మకం లేదు' అని షాపు యజమాని తన గుమాస్తాతో అనడాన్ని చట్టం ఉదాహరణగా చూపింది.

విమర్శకులకు పనికొచ్చేది ఆరో మినహాయింపు. 'ఈ పుస్తకం అసభ్యంగా ఉంది, రాసినవాడి మనసూ అలాంటిదే అయ్యుండాలి' అంటే రక్షణ ఉంది, ఎందుకంటే ఆ అభిప్రాయం పుస్తకంలోంచి పుట్టింది. 'అతను లంపటుడు కాబట్టి పుస్తకం అసభ్యంగా ఉండటంలో ఆశ్చర్యమేముంది' అంటే లేదు. కృతి నుంచి మనిషికి వెళ్లవచ్చు, మనిషి నుంచి కృతికి రాకూడదు. నూట అరవై ఏళ్ల కిందటి ఈ ఉదాహరణ నేటి సినిమా రివ్యూలకు అలాగే సరిపోతుంది.

ఈ మినహాయింపులు కోర్టులో ఎంత దూరం పనిచేస్తాయో పాత్రికేయురాలు ప్రియా రమానీ కేసులో కనిపించింది. కేంద్ర మాజీ మంత్రి ఎం.జె. అక్బర్ 2018లో వేసిన ఫిర్యాదులో, లైంగిక వేధింపుల గురించి తాను చెప్పింది నిజమని, ప్రజాహితం కోసం చెప్పానని ఆమె వాదించారు. ఢిల్లీ కోర్టు 2021 ఫిబ్రవరి 17న ఆమెను నిర్దోషిగా ప్రకటించింది. స్త్రీ గౌరవంగా బతికే హక్కును పణంగా పెట్టి మరొకరి ప్రతిష్ఠ హక్కును కాపాడలేమని, దశాబ్దాల తర్వాతైనా తనకు నచ్చిన వేదికపై గోడు చెప్పుకునే హక్కు ఆమెకు ఉందని పేర్కొంది. ఆ తీర్పుపై అక్బర్ హైకోర్టుకు వెళ్లారు.

పదవిలో ఉన్నవారికి మరో నియమం వర్తిస్తుంది. ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ ఆత్మకథను తమిళ పత్రిక నక్కీరన్ ప్రచురించబోతే అధికారులు అడ్డుపడ్డారు. 1994 అక్టోబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం తరఫున తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి తీర్పు రాశారు. ప్రచురణకు ముందే ఆపే అధికారం ప్రభుత్వానికి లేదన్నారు. ప్రభుత్వం, స్థానిక సంస్థలు తమ పరువు పోయిందని నష్టపరిహార దావా వేయలేవన్నారు. విధి నిర్వహణకు సంబంధించిన విమర్శలో తప్పులున్నా, నిజానిజాలను బొత్తిగా లెక్కచేయకుండా ప్రచురించారని రుజువైతే తప్ప అధికారికి పరిహారం రాదన్నారు. అమెరికా సుప్రీంకోర్టు 1964లో న్యూయార్క్ టైమ్స్ కేసులో పెట్టిన కొలబద్దకు ఇది దగ్గరి చుట్టం. అయితే ఈ ఉదారత సివిల్ దావాకే పరిమితమైంది. అధికారులకు క్రిమినల్ దారి తెరిచే ఉంది.

విచారణే శిక్ష అయ్యేదెలా?

పరువు నష్టం ఫిర్యాదుతో పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్ కట్టమనడం కుదరదు. బాధితుడే మేజిస్ట్రేట్ ముందు ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. ఇది బెయిలు వచ్చే, రాజీకి వీలున్న నేరం. కాగితం మీద చూస్తే తేలికపాటిదే. బరువంతా వాయిదాల్లో ఉంది. సమన్లు, బెయిలు, లాయరు ఫీజు, హాజరు మినహాయింపు పిటిషన్లు, కేసు కొట్టేయమంటూ హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్. వ్యాఖ్య ఎక్కడ వినిపిస్తే అక్కడల్లా ఫిర్యాదు చేయవచ్చు కాబట్టి ఒకే మాటకు పది ఊళ్లు తిరగాల్సి రావచ్చు. 2005లో ఒక పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలోని వ్యాఖ్యలకు నటి ఖుష్బూ మీద 23 ఫిర్యాదులు పడ్డాయి. ఫిర్యాదీల్లో ఎవరి పరువూ వ్యక్తిగతంగా పోలేదంటూ సుప్రీంకోర్టు 2010 ఏప్రిల్‌లో వాటన్నింటినీ కొట్టేసింది. గెలవడానికి ఐదేళ్లు పట్టింది.

క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహిత ఒక చిన్న ఊరట ఇచ్చింది. ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందే నిందితుడి వాదన వినే అవకాశం ఇవ్వాలని 223వ సెక్షన్ చెబుతుంది. పసలేని ఫిర్యాదులను గుమ్మంలోనే ఆపడానికి ఇది పనికొస్తుంది. ఎంతమంది మేజిస్ట్రేట్లు దీన్ని తంతుగా కాక నిజమైన వడపోతగా వాడతారన్న దాన్ని బట్టి ఫలితం ఉంటుంది.

సివిల్ వైపు వేగంగా పనిచేసే ఆయుధం తాత్కాలిక ఇంజంక్షన్. తీర్పుకు ఏళ్లు పట్టే చోట, మొదటి వాయిదాలోనే కథనాన్ని తీసేయమని ఉత్తర్వు వస్తే దావా సగం గెలిచినట్టే. 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ ఎంటర్‌టైన్‌మెంట్ వివాదంలో సుప్రీంకోర్టు అలాంటి ఉత్తర్వును పక్కనబెట్టింది. కథనం కక్షపూరితమని, బొత్తిగా అబద్ధమని తేలితే తప్ప విచారణకు ముందు ప్రచురణను ఆపకూడదని, కారణాలు రాయకుండా యాంత్రికంగా ఇంజంక్షన్లు ఇవ్వొద్దని కింది కోర్టులకు చెప్పింది.

రెండేళ్ల అంకె

ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రెండేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడిన చట్టసభ సభ్యుడు పదవి కోల్పోతాడు. పరువు నష్టానికి గరిష్ఠ శిక్ష సరిగ్గా రెండేళ్లు. అందుకే సూరత్ తీర్పు వచ్చిన మర్నాడే రాహుల్ గాంధీ లోక్‌సభ సభ్యత్వం పోయింది. 2023 ఆగస్టు 4న సుప్రీంకోర్టు దోషిత్వంపై స్టే ఇచ్చింది. గరిష్ఠ శిక్ష ఎందుకు వేశారో కింది కోర్టు కారణం చూపలేదని, ఒక్క రోజు తగ్గినా అనర్హత వర్తించేది కాదని ఎత్తి చూపింది. మూడు రోజుల తర్వాత సభ్యత్వం తిరిగొచ్చింది.

పరువు నష్టాన్ని నేరంగా చూడటం బ్రిటన్ 2009 చట్టంతో మానేసింది. శ్రీలంక 2002లోనే రద్దు చేసింది. భారత్‌లో సుబ్రమణ్యస్వామి, రాహుల్ గాంధీ, కేజ్రీవాల్ వంటి ఎదురెదురు పక్షాల నేతలు ఈ సెక్షన్‌ను కొట్టేయమని కోరితే, ప్రతిష్ఠ కూడా జీవించే హక్కులో భాగమేనంటూ సుప్రీంకోర్టు 2016 మేలో దాన్ని సమర్థించింది. 2024 ఆరంభంలో లా కమిషన్ తన 285వ నివేదికలో నేరంగానే ఉంచమని సిఫార్సు చేసింది. 2025 సెప్టెంబరులో మాత్రం సుప్రీంకోర్టులో జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్ ఒక కేసు వింటూ, దీన్ని నేరాల జాబితా నుంచి తప్పించే సమయం వచ్చిందని వ్యాఖ్యానించారు. అది వ్యాఖ్యే, తీర్పు కాదు.

న్యాయ సంహిత శిక్షలో చేసిన మార్పు ఒక్కటే: జైలు, జరిమానాల పక్కన సమాజ సేవను చేర్చింది. విచారం వ్యక్తం చేసినా రాజీ కుదరని చిన్న కేసుల్లో మేజిస్ట్రేట్లు దాన్ని ఎంచుకోవచ్చు. గరిష్ఠ పరిమితి రెండేళ్లు అలాగే ఉంది కనుక, ఎన్నికల సభల్లో అనే మాటకు పదవే పోయే అవకాశం కొత్త చట్టంలోనూ కొనసాగుతోంది.